చాక్లెట్లో ఇనుమెంత?

ఆ సోమవారం పొద్దున్న సావెరియో పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి షాపు తలుపు తీసేలోగా ఆరు వందల చాక్లెట్ బార్లకి కొత్త లేబుళ్లు అంటించెయ్యాలి. ఆ తర్వాత ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో కూర్చుని ప్రశాంతంగా ఓ కాఫీ తాగాలి. ఈ ప్రశాంతత ఆయన ప్రతి సోమవారం అనుకునేదే, ఏ సోమవారమూ దొరకనిదే.

మోదికా దిగువ ఊళ్లో, పెద్దవీధి మలుపులో ఉన్న ఆ షాపు సావెరియో తాత పెట్టింది. రాతి మీద నూరిన కోకో, పంచదార, ఓ చిటికెడు దాల్చినచెక్క పొడి, అంతే సరుకు. నమిలితే పంచదార పలుకులు పంటికింద కరకరమంటాయి. మూడు తరాలుగా ఆ నల్ల చాక్లెట్‌ని నీలం కాగితంలో చుట్టి ఇస్తుంటే జనం పట్టుకెళ్లి తింటున్నారు. అందులో ఏముందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు పొరుగూళ్ల షాపులకి కూడా సరుకు పంపాలంటే ప్యాకెట్టు మీద పోషకాల పట్టిక ఉండి తీరాలన్నారు. సావెరియో ఒక బారు కతానియాలోని ల్యాబుకి పంపి పరీక్ష చేయించాడు. కాలరీలు, కొవ్వు, పీచు, మెగ్నీషియం, ఇనుము అంటూ పెద్ద జాబితా వచ్చింది.

"కాలరీలూ కొవ్వూ వేయిస్తే చాలుటక్కా, మిగతావి అక్కర్లేదుట," అన్నాడు సావెరియో.

"ఎందుకక్కర్లేదూ? చెడ్డవన్నీ చెప్పుకుని మంచివి దాచుకోవాలా? మొత్తం వేయించు," అంది అసుంతా.

అసుంతా ఆయన అక్క. పెళ్లి చేసుకోలేదు. నలభై ఏళ్లుగా కౌంటర్ దగ్గర కూర్చుని షాపునీ తమ్ముణ్ణీ ఏలుతోంది. షిక్లీలో ఉన్న ప్రెస్సువాడికి అంకెలన్నీ ఫోన్లో చెప్పింది కూడా ఆవిడే. ఆరు వందల లేబుళ్లూ ఎనిమిదీ ముప్పావుకల్లా అంటించడం అయిపోయింది. సావెరియో కాఫీకి వెళ్లాడు. లేబుల్ని చదవలేదు. తన చాక్లెట్లో ఏముందో తనకి తెలియదా!

చదివినవారు ఒకరున్నారు. షాపు పై అంతస్తులో ఉండే ఎర్మెలిందా టీచరు. వయసు ఎనభై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లు ఊరి బడిలో లెక్కలు చెప్పింది. దిగువ ఊళ్లో యాభై దాటిన వాళ్లలో ఆవిడ చేత చెవి మెలి పెట్టించుకోని వాళ్లు లేరు, సావెరియోతో సహా. అచ్చులో ఏది కనబడినా భూతద్దం పెట్టి చివరిదాకా చదవడం ఆవిడ అలవాటు. ఆ రోజు సాయంత్రం కిందికి దిగి ఒక బారు తీసుకుని, పట్టిక చదివి, అక్కడే కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఒరేయ్ సావెరియో, నీ చాక్లెట్లో ఇంత ఇనుముందా?"

"ఉందిటండీ టీచరమ్మా. కతానియా వాళ్లు పరీక్ష చేసి మరీ చెప్పారు," అన్నాడు సావెరియో గర్వంగా, తూకం మీంచి తలెత్తకుండా.

టీచరమ్మకి రక్తం తక్కువ. పెద్దాసుపత్రి డాక్టరు రోజుకొకటి చొప్పున ఇనుము మాత్రలు రాసిచ్చాడు. ఒక్కో మాత్రలో నూట అయిదు మిల్లీగ్రాములు. అవి వేసుకుంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. ఇక్కడ చూస్తే వంద గ్రాముల బారులో నూట పందొమ్మిది. అంటే బారు తింటే పద్నాలుగు మిల్లీగ్రాములు మిగులు, కడుపులో తిప్పడం లేదు, పైగా దాల్చినచెక్క వాసన. లెక్క ఎటునుంచి చూసినా తేలింది. టీచరమ్మ మాత్రల డబ్బాని అలమర పైన పెట్టేసి, పదిహేను బార్లు పైకి పట్టించుకుపోయింది. దారిలో మెట్ల మీద ఎదురైన పాత విద్యార్థినులు ముగ్గురికి విషయం చెప్పింది.

బుధవారం నాటికి షాపు ముందు వరస కట్టారు. మంగలి భార్య, రొట్టెల కొట్టామె, చర్చిలో పాడే ఆడవాళ్లందరూ వచ్చారు. ఒక్కొక్కరు నాలుగేసి పట్టుకెళ్తున్నారు. "చూశావా అక్కా, దాల్చినచెక్క మార్చాను. దాని మహిమ!" అన్నాడు సావెరియో. అసుంతా జవాబు చెప్పే తీరిక లేక తలూపింది.

గురువారం పొద్దున్న వరసని చీల్చుకుంటూ మందుల షాపు ఇయాకోనో గారు వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ గొంతు ఎత్తడు. ఆ రోజు ఎత్తాడు.

"సావెరియో! నువ్వు చాక్లెట్ అమ్ముతున్నావా, ఇనప సామాను అమ్ముతున్నావా?"

"ఏమైందండీ?"

"ఏమవడమేమిటి! ఇవాళ్టికి ఏడుగురు నా షాపుకొచ్చి ఇనుము మాత్రలు వాపసు తీసుకోమంటున్నారు. నూట పందొమ్మిదిట! నువ్వేమైనా మేకులు నూరి కలుపుతున్నావా?"

సావెరియో నవ్వి, కతానియా కాగితం తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఇయాకోనో గారు కాగితం చూశాడు, లేబుల్ చూశాడు, రెండిటినీ పక్కపక్కన కౌంటర్ మీద పెట్టాడు. కాగితం మీద 11,9 అని ఉంది. లేబుల్ మీద 119 అని ఉంది. మనం చుక్క పెట్టే చోట అక్కడ కామా పెడతారు. ఆ కామా పెద్దదేమీ కాదు, దోమంత ఉంటుంది. అది ఎగిరిపోయింది.

"అక్కా!" అని కేకేశాడు సావెరియో.

"నేను కామా చెప్పాను," అంది అసుంతా, అడక్కుండానే.

"మరి వాడెందుకు వెయ్యలేదూ?"

"నాకేం తెలుసు? పదకొండూ అన్నాను, కామా అన్నాను, సరిగ్గా అప్పుడే పన్నెండు గంటలు కొట్టారు చర్చిలో. తొమ్మిదీ అన్నాను. చర్చివాళ్లని అడుగు."

"గంట కొడుతుంటే ఆగలేవూ?"

"పన్నెండు కొట్టేదాకా ఫోన్ పట్టుకుని నోరు మూసుకు కూర్చోమంటావా? నీకు వంట ఎవడు చేస్తాడు?"

ఇయాకోనో గారు రెండు చేతులూ పైకెత్తాడు. "మీ అక్కాతమ్ముళ్ల గొడవ తర్వాత. ముందు ఆ లేబుళ్లు దిద్దండి. ఇంకో మాట. ఆ పదకొండు కూడా మొత్తం ఒంటికి పట్టదు. కోకోలో ఉండే ఇనుము చాలావరకు వచ్చిన దారినే పోతుంది. ఎర్మెలిందా టీచరు రక్తం నాకు తెలుసు. ఆవిడ మాత్ర మానకూడదు."

సావెరియో నిజాయితీపరుడు. అదే ఆయన కొంప ముంచింది. షాపులో మిగిలిన నూట నలభై బార్లనీ ముందేసుకుని, నల్ల పెన్నుతో ఒక్కొక్కదాని మీదా కామా పెట్టాడు. తలుపు మీద పెద్ద అక్షరాలతో అట్ట కట్టాడు: "క్షమించండి. ఇనుము 119 కాదు, 11,9."

మర్నాడు మంగలి భార్య ఆ అట్ట చదివి, లోపలికొచ్చి, కామా పెట్టిన బారుని రెండు వేళ్లతో పట్టుకుంది.

"ఇదేమిటి సావెరియో, ఇనుము తీసేశావా?"

"తీసెయ్యడమేమిటమ్మా? మొదట్నుంచీ ఇంతే ఉంది."

"మొన్న నూట పందొమ్మిదుంది. ఇవాళ పదకొండు. మిగతాదేం చేశావు?"

"నేనేం చెయ్యలేదు తల్లీ! అచ్చు తప్పు!"

"ఇయాకోనో నిన్న పొద్దున్న వచ్చి గంటసేపు లోపల కూర్చున్నాడటగా," అంది వెనకనుంచి రొట్టెల కొట్టామె. "ఆయన మాత్రలు అమ్ముడుపోవడం లేదు పాపం. మాకర్థం కాదనుకోకు."

"నాకు కామా లేనివే కావాలి," అంది మంగలి భార్య. "రెండు తియ్యి."

కామా లేనివి ఒక్కటి కూడా లేవంటే నమ్మలేదు. అసుంతా ప్రమాణం చేసినా నమ్మలేదు. మధ్యాహ్నానికి ఊళ్లో రెండు రకాల చాక్లెట్లు వెలిశాయి. కామా ఉన్నది పిల్లలకీ, పర్యాటకులకీ. కామా లేనిది ఇంట్లో మనుషులకి. అవి ఉన్నవాళ్లు లేవన్నారు. లేనివాళ్లు ఉన్నవాళ్ల ఇళ్లకి ఊరికే పలకరించడానికి వెళ్లసాగారు. సావెరియో ఒక్కొక్కరినీ నిలబెట్టి నిజం చెప్పాడు. నిజం చెప్పే కొద్దీ వాళ్లు జాలిగా చూసి, "ఇంట్లోవాళ్లు కులాసాయేనా?" అని అడిగి వెళ్లిపోయారు.

చివరికి టీచరమ్మకి చెబితే ఊరికి చెప్పినట్టే అనుకుని మేడెక్కాడు.

టీచరమ్మ బల్ల ముందు కూర్చుని, బారుని కత్తితో నాలుగు సమభాగాలు చేస్తోంది. ఆయన చెప్పిందంతా శాంతంగా విన్నది.

"అయిందా?"

"అయిందండీ. పదకొండు కామా తొమ్మిది. నూట పందొమ్మిది కాదు. మీరు మళ్లీ మాత్రలు వేసుకోవాలి."

"సావెరియో, నువ్వు మంచివాడివి. నీ చేతి చాక్లెట్ మీ తాత చాక్లెట్ కన్నా బాగుంటుంది. కానీ మూడో తరగతిలో నువ్వు దశాంశాలెలా చేశావో నాకు గుర్తుంది. రెండున్నరలో సగం పన్నెండున్నర అన్నావు."

"అప్పుడు నాకు ఎనిమిదేళ్లండీ!"

"వయసుతో పోయే జబ్బు కాదది. అచ్చువేసినవాడు తప్పా, పెన్నుతో దిద్దిన నువ్వు తప్పా అంటే, దశాంశాల విషయంలో నీ మాట నేను నమ్మను."

సావెరియో మెట్లు దిగాడు. తన చాక్లెట్లో ఏముందో తను చెబితే వినేవాడు లేడు. అయితే సర్కారు చేతే చెప్పించాలి. శనివారం షాపు అక్కకి వదిలి, బస్సెక్కి రగూజా వెళ్లి, ఆహార పదార్థాల తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు కాగితం అడిగాడు.

"ఫిర్యాదు చేసేదెవరు?" అన్నాడు గుమాస్తా.

"నేను."

"ఎవరి మీద?"

"నా మీద."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "పొరుగువాళ్ల మీద పెట్టేవాళ్లని చూశాను. బావమరుదుల మీద పెట్టేవాళ్లని రోజూ చూస్తాను. మీకు మీతో ఏమిటండీ తగాదా?"

"నేను తప్పు లేబుల్ పెట్టానండీ. మీరొచ్చి తప్పని రాసివ్వాలి. దాన్ని షాపు తలుపుకి అంటించుకుంటాను."

"ఒప్పని రాసిమ్మనేవాళ్లే వస్తారిక్కడికి," అని గొణుక్కుంటూనే గుమాస్తా ముద్ర వేశాడు. ఎవరో వస్తారన్నాడు. ఎప్పుడని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు.

వాళ్లు రాలేదు. రెండు వారాలు గడిచాయి. ఈలోగా ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక శాన్ జోర్జో చర్చి ముందున్న ఆ పొడవాటి మెట్లు దిగుతూ ఎర్మెలిందా టీచరు ఉన్నట్టుండి కూలబడిపోయింది. అయిదు మెట్లు కింద ఉన్న సావెరియో పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాడు. ఆవిడ పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. చేతుల్లోకి ఎత్తుకుంటే పంచదార బస్తాలో సగం బరువు కూడా లేదు. చెవి మెలిపెట్టిన చెయ్యి ఆయన భుజం మీద పక్షి కాలులా వేలాడింది. అప్పటిదాకా చిరాకు పడుతూ వచ్చిన మనిషికి మొదటిసారి భయం వేసింది. తన చాక్లెట్ పెట్టి తన టీచరమ్మని తనే చంపుకుంటున్నాడు.

ఆసుపత్రిలో రక్తం ఏడే ఉందన్నారు. రెండు సీసాలు ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మాత్రల చీటీని మళ్లీ ఆవిడ చేతిలో పెట్టాడు. ఇంటికి చేరగానే ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి చాక్లెట్ కత్తి కింద ఉంచింది.

"టీచరమ్మా, ఇప్పుడైనా నమ్మండి," అన్నాడు సావెరియో, ఏడుపొక్కటే తక్కువగా. పక్కన ఇయాకోనో గారు మాత్రల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"దేనికి నమ్మాలి? ఆ పొద్దున్న మీ అక్క నాకు పొరపాటున కామా ఉన్నది ఇచ్చింది. అది తినబట్టే పడ్డాను."

ఇయాకోనో గారు కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడిపోయాడు. ఆయన వీపు చూస్తేనే ఆయన ఏమనుకుంటున్నాడో తెలుస్తోంది.

సావెరియో మంచం అంచున కూర్చున్నాడు. మూడు వారాలుగా నిజం చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. దానివల్ల ఒరిగిందేమిటి? ఈవిడ మెట్ల మీద పడింది. ఇయాకోనో గారి చేతిలోని మాత్రల డబ్బా వంక చూశాడు. దాని మీద నూట అయిదు అన్న అంకె కనబడింది. ఏం మాట్లాడబోతున్నాడో తనకే తెలియకుండా నోరు తెరిచాడు.

"సరేనండీ, ఇక దాచి లాభం లేదు. నూట పందొమ్మిదే నిజం."

టీచరమ్మ కళ్లు మెరిశాయి. ఇయాకోనో గారు గిరుక్కున తిరిగాడు.

"కానీ అది మాత్రతో కలిపి," అన్నాడు సావెరియో. "మాత్రలో ఉన్నదీ చాక్లెట్లో ఉన్నదీ కలిపితే వచ్చే మొత్తం అది. మాత్ర వేసుకోనివాళ్లకి పదకొండు కామా తొమ్మిదే దక్కుతుంది. అందుకే కొన్నిటి మీద అలా, కొన్నిటి మీద ఇలా."

టీచరమ్మ పెదాలు కదులుతున్నాయి. కూడుతోంది.

"మాత్ర నూట అయిదు. చాక్లెట్ పదకొండు కామా తొమ్మిది. వెరసి నూట పదహారు కామా తొమ్మిది." ఆవిడ కళ్లద్దాల మీంచి చూసింది. "ఇంకా తక్కువొస్తోందిరా."

సావెరియో వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఆ రెండూ... దాల్చినచెక్కలోంచి వస్తాయండీ."

"రెండు కాదు. రెండు కామా ఒకటి."

"అవునండీ. రెండు కామా ఒకటి."

టీచరమ్మ దిండుకి జారగిలబడింది. "ఈ ముక్క మొదటే చెప్పచ్చు కదరా! అచ్చు తప్పూ, గంట కొట్టారూ అంటూ పిట్టకథలు చెబుతావేం? ఇలా తియ్యండి ఇయాకోనో, ఆ మాత్ర."

ఇయాకోనో గారు డబ్బా అందిస్తూ గబగబా చెప్పాడు: "మాత్ర పొద్దున్న నారింజరసంతో వేసుకోవాలండీ. చాక్లెట్ సాయంత్రం. రెండూ కలిపి నోట్లో వేసుకోకూడదు. కడుపులో తిప్పితే నాకు చెప్పండి, వేరేది ఇప్పిస్తాను. మానొద్దు."

మెట్లు దిగాక ఆయన సావెరియో చెయ్యి పట్టుకుని ఆపాడు. "నలభై ఏళ్లుగా మందులమ్ముతున్నాను. ఇంత సిగ్గుమాలిన అబద్ధం వినలేదు."

"నేనూ ఎప్పుడూ ఆడలేదండీ," అన్నాడు సావెరియో.

ఆ వారమే కూడిక ఊరంతా పాకింది. టీచరమ్మ స్వయంగా చేసిన కూడిక కాబట్టి ఎవరూ తిరిగి చెయ్యలేదు. డాక్టరు ఎప్పుడో రాసిస్తే సొరుగుల్లో పడేసిన మాత్రల చీటీలు బయటికొచ్చాయి. చీటీ లేని మంగలి భార్య కూడా మాత్ర కావాలని కూర్చుంటే, ముందు రక్తం పరీక్ష చేయించుకు రమ్మని ఇయాకోనో గారు ఆవిణ్ణి వెనక్కి పంపాడు. రెండు నెలలు తిరిగేసరికి ఎర్మెలిందా టీచరు రక్తం పదకొండున్నరకి వచ్చింది. శాన్ జోర్జో మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కసారే ఆగుతోంది, అదీ ఎవరి చొక్కా బొత్తామో ఊడిందని చెప్పడానికి. ఊరు చాక్లెట్‌ని మెచ్చుకుంది. సావెరియో మౌనంగా ఉండటం నేర్చుకున్నాడు. ఒక సోమవారం ఏకంగా ప్రశాంతంగా కాఫీ కూడా తాగాడు.

ఆ మర్నాడే రగూజా నుంచి ఇన్‌స్పెక్టర్ కప్పెల్లో అనే ఆవిడ దిగింది. నెరిసిన పొట్టి జుట్టు, చంకలో ఫైలు, మొహంలో ఏ భావమూ లేదు.

"సావెరియో అనే వ్యక్తి మీద సావెరియో అనే వ్యక్తి ఫిర్యాదు. ఇద్దరూ ఉన్నారా?"

"నేనేనండీ ఇద్దరూ," అన్నాడు సావెరియో. "కానీ ఇప్పుడంతా సర్దుకుంది. వదిలెయ్యండి."

"ముద్ర పడ్డాక వదలడానికి వీల్లేదు. తప్పు లేబుల్ ఉన్న బారు చూపించండి."

షాపులో లేదు. అన్నిటికీ ప్రెస్సువాడు సరిగ్గా వేసిన కొత్త లేబుళ్లున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ వీధిలో అడిగింది. సర్కారు మనిషి కామా లేని బార్ల కోసం వచ్చిందనేసరికి ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. అలాంటి లేబుల్ మేం పుట్టి బుద్ధెరిగి చూడలేదంది రొట్టెల కొట్టామె, చేతులు ఎప్రాన్ జేబులో గట్టిగా పెట్టుకుని. మంగలి భార్య అయితే, సావెరియోకి ఈమధ్య పని ఎక్కువై మతి చలించిందని కూడా చెప్పింది. పాపం, ఆయన మేలు కోరే!

ఇన్‌స్పెక్టరమ్మ తిరిగొచ్చి కౌంటర్ మీద రాసుకుంది. "ఆరోపణకి ఆధారం లేదు. ఫిర్యాదుదారు మాట నమ్మదగ్గదిగా లేదు. నిందితుడు నిర్దోషి. సంతకం పెట్టండి, రెండు చోట్లా."

సావెరియో ఊపిరి పీల్చుకుని, ఫిర్యాదుదారుగా ఒకటి, నిందితుడిగా ఒకటి పెట్టాడు. అసుంతా ఆవిడ కోసం మంచి బారొకటి చుట్టసాగింది. సరిగ్గా అప్పుడు పై మెట్ల మీంచి చేతికర్ర టకటకలాడిస్తూ ఎర్మెలిందా టీచరు దిగింది.

"ఎవరమ్మా నువ్వు, మా సావెరియో లెక్క తప్పంటున్నావుట? నేను స్వయంగా సరిచూశాను. మాత్ర నూట అయిదు, చాక్లెట్ పదకొండు కామా తొమ్మిది, దాల్చినచెక్క రెండు కామా ఒకటి. నా రక్తం ఏడునుంచి పదకొండున్నరకి వచ్చింది ఈ లెక్క ప్రకారమే. వీడే చెప్పాడు నాకు, మంచం పక్కన కూర్చుని."

"టీచరమ్మా, మీరు పైకి వెళ్లండి," అన్నాడు సావెరియో నీరసంగా.

"నువ్వుండు. నిన్ను కాపాడుతున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ మూసిన ఫైలు మళ్లీ తెరిచింది. "చాక్లెట్ తింటే రక్తం పెరుగుతుందని చెప్పారా మీరు?"

సావెరియో అక్క వంక చూశాడు, టీచరమ్మ వంక చూశాడు. ఆవిడ బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. మాత్ర మానేస్తే అవి మళ్లీ సున్నం రంగుకి తిరుగుతాయి. ఇప్పుడు నిజం చెబితే ఆ కూడిక కూలిపోతుంది.

"చెప్పానండీ," అన్నాడు.

"ఆహార పదార్థానికి ఔషధ గుణాలు అంటగట్టడం నేరం. నోటిమాటగా చెప్పినా సరే." ఆవిడ తాపీగా ఇంకో కాగితం తీసి, పావుగంటసేపు రాసి, నోటీసు తయారుచేసింది. తప్పు చేశానని మొత్తుకున్న చోట నిర్దోషి అయి, మేలు చేసిన చోట దొరికిపోయిన సావెరియో దాని మీద మూడో సంతకం పెట్టాడు.

సాక్షి సంతకం కూడా కావాలంది ఇన్‌స్పెక్టరమ్మ. ఎర్మెలిందా టీచరు సంతోషంగా ముందుకొచ్చి, నోటీసు చివరిదాకా చదివి, అందులో రెండు అక్షరదోషాలు దిద్ది సంతకం చేసింది.